ఓటుతో ఊరైన పెద్దలు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఆ రెండూ చేసి చూసి, పిల్లలను ఒక దారిన పెట్టి, ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకుని, చేతిలో మిగిలిన నాలుగు రాళ్ళతో ఒక చిన్న ఇల్లు కొనుక్కున్న మనిషి ఇక కోరేది ఏముంటుంది? ఉదయం నాలుగడుగులు నడవడానికి చెట్ల నీడ, పగలు పలకరించే ఇరుగుపొరుగు, రాత్రి కంటి నిండా నిద్ర. అంతే కదా! అలాంటి మనిషికి ఒకనాడు ఒక కబురు అందుతుంది. "మీ ఊరి పక్క నేల వినియోగం మారుస్తున్నాము. అక్కడ మరొకటి రాబోతోంది. అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోగా తెలుపుకోవచ్చు."

డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి అప్పుడేం చేయాలి? మరో చోటికి పోవడానికి ఓపిక ఉండదు. ఇల్లు అమ్ముదామంటే, పక్కన ఏదో వస్తోందన్న మాట వినగానే కొనేవాడు ధర తగ్గిస్తాడు. మనకెందుకులే అని ఊరుకుంటే మిగిలిన జీవితమంతా ఆ రాబోయేదాని పక్కనే గడపాలి. అందుకే ఈ ప్రశ్న చిన్నది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో కొన్ని వేల మంది వృద్ధులు ఈ ప్రశ్నకు ఏం జవాబు చెప్పారో, ఆ జవాబు ఎంతవరకు సరైనదో ఈ వారం పాఠకుల ముందు ఉంచుతున్నాము.

నేల మీద గీసిన గీతలు

ముందుగా ఒక మాట తెలుసుకోవాలి. అమెరికాలో చాలా నగరాలు, కౌంటీలు తమ నేలను భాగాలుగా విభజించి, ఏ భాగంలో ఏమి కట్టవచ్చో ముందే రాసి పెడతాయి. ఇక్కడ ఇళ్ళు, అక్కడ దుకాణాలు, ఇంకో చోట కర్మాగారాలు, మరో చోట ఖాళీ మైదానం. దీనినే జోనింగ్ అంటారు. ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ అనే ఊరి కేసులో 1926లో అక్కడి సుప్రీం కోర్టు ఈ పద్ధతి రాజ్యాంగ సమ్మతమేనని తీర్పు చెప్పింది. అప్పటి నుంచి ఇది ఆ దేశమంతటా పాతుకుపోయింది.

ఇల్లు కొనేవాడు ఇంటిని మాత్రమే కొనడు. కిటికీ తెరిస్తే కనిపించేదానిని, వినిపించేదానిని కూడా లెక్కలోకి తీసుకునే కొంటాడు. ఆ లెక్కకు ఆధారం జోనింగ్ పటం. అయితే ఆ గీతలు రాతి మీద చెక్కినవి కావు. పాలక మండలి సభ్యులు కూర్చుని, బహిరంగ విచారణ జరిపి, చేతులెత్తి మార్చగలరు. కొన్ని రాష్ట్రాలలో ప్రజల ఓటుతోనూ మార్చవచ్చు. అలా మార్చడాన్ని రీజోనింగ్ అంటారు. గీత మారితే ఒకరి నేల విలువ ఒక్క రోజులో ఎన్నో రెట్లు పెరుగుతుంది. మరొకరి ఇంటి విలువ, ఇంట్లోని శాంతి తరిగిపోతాయి. తగాదా అంతా ఇక్కడే పుడుతుంది.

లీజర్ వరల్డ్

కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్‌కు దక్షిణాన ఆరెంజ్ కౌంటీ ఉంది. అక్కడ రాస్ కోర్టీస్ అనే గృహ నిర్మాత 1960లలో వృద్ధుల కోసమే కొత్త రకం ఊళ్ళు కట్టాడు. 1962లో సీల్ బీచ్‌లో మొదటిది తెరిచాడు. 1964లో లగూనా హిల్స్ ప్రాంతంలో మరింత పెద్దది తెరిచాడు. దాని పేరు లీజర్ వరల్డ్. చుట్టూ గోడ, గేటు దగ్గర కాపలా, లోపల గోల్ఫ్ మైదానం, ఈత కొలనులు, క్లబ్బు భవనాలు, ఊరి లోపల తిరగడానికి బస్సులు. మొత్తం 12,736 ఇళ్ళు. వాటిలో అనేకం సహకార పద్ధతిలో నడిచేవి. ఇల్లు ఎవరిదైనా తోటలు, దారులు, నిర్వహణ ఖర్చులు అందరివీ. 2000 సంవత్సరపు జనాభా లెక్కల్లో ఆ ఊరి వారి మధ్యస్థ వయసు 78 ఏళ్ళు. అంటే సగం మంది 78 దాటినవారే!

దాదాపు ముప్పయి అయిదేళ్ళ పాటు ఈ ఊరికి తనదంటూ పాలక మండలి లేదు. అది నగరం కాదు. కౌంటీ పాలనలో ఉన్న ఒక పెద్ద కాలనీ మాత్రమే. పెద్దలు తోటపని చేసుకుంటూ, చిత్రలేఖనం నేర్చుకుంటూ, సంఘాల సమావేశాలకు వెళ్ళివస్తూ కాలం గడిపేవారు. నేల మీద గీతలు గీసే అధికారం మాత్రం వారి దగ్గర లేదు. అది కౌంటీ పర్యవేక్షక మండలిలోని ఐదుగురి చేతుల్లో ఉండేది. ఆ సంగతి పట్టించుకోవలసిన అవసరం వారికి చాలా కాలం రాలేదు.

ఎల్ టోరో

ఆ ఊరికి కొద్ది మైళ్ళ దూరంలో ఎల్ టోరో అనే సైనిక విమాన స్థావరం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో దానిని ప్రారంభించారు. దాని విస్తీర్ణం దాదాపు 4,700 ఎకరాలు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక అనవసరమైన సైనిక స్థావరాలను మూసివేయాలని అమెరికా ప్రభుత్వం నిర్ణయించింది. 1993లో ఆ జాబితాలో ఎల్ టోరో పేరు చేరింది. 1999 జూలై 2న స్థావరం మూతపడింది.

ఒక పెద్ద పట్టణ ప్రాంతం నడిబొడ్డున 4,700 ఎకరాలు ఖాళీ అవుతున్నాయంటే ఎన్ని కళ్ళు పడతాయో వేరే చెప్పాలా? రన్‌వేలు ఎలాగూ ఉన్నాయి, దీనిని అంతర్జాతీయ విమానాశ్రయంగా మారుద్దామని కౌంటీ ఉత్తర భాగంలోని వ్యాపార వర్గాలు, న్యూపోర్ట్ బీచ్ వాసులు పట్టుబట్టారు. న్యూపోర్ట్ బీచ్ వారి పట్టుదలకు కారణం ఉంది. కౌంటీకి అప్పటికే ఉన్న జాన్ వేన్ విమానాశ్రయం వారి ఊరి పక్కనే ఉంది. అది దాదాపు 500 ఎకరాల చిన్న విమానాశ్రయం. పెద్ద విమానాలకు అక్కడ తావు లేదు. 1985లో కుదిరిన ఒక కోర్టు ఒప్పందం ప్రకారం అక్కడి విమానాల సంఖ్యకు పరిమితి ఉంది, రాత్రి వేళ నిషేధం ఉంది. ఆ ఒప్పందం గడువు ముగిశాక తమ నెత్తి మీద విమానాలు పెరుగుతాయని వారి భయం. ఎల్ టోరోలో మరొకటి వస్తే ఆ భారం అటు పోతుంది.

అంటే ఇక్కడ ఇరువైపులా కోరుకున్నది ఒక్కటే. నిద్ర! ఒకరి నిద్ర కాపాడుకోవడానికి మరొకరి నిద్రను బలి పెట్టాలన్నదే అసలు తగాదా. దీనిని మనం మొదటే గుర్తించకపోతే ఈ కథలో ఒక పక్షం వారు దుర్మార్గులుగా, మరో పక్షం వారు అమాయకులుగా కనిపిస్తారు. అది న్యాయం కాదు.

1994 నవంబరులో 'మెజర్ ఎ' అనే ప్రతిపాదన ప్రజల ఓటుకు వచ్చింది. స్థావరం నేలను విమానాశ్రయానికి కేటాయిస్తూ కౌంటీ ప్రణాళికను మార్చాలన్నది దాని సారాంశం. 51 శాతం ఓట్లతో అది గట్టెక్కింది. అంటే ఓట్ల పెట్టెలోనే నేల గీత మారిపోయింది. మరుసటి నెలలోనే, 1994 డిసెంబరులో, పెట్టుబడుల నష్టాల వల్ల ఆరెంజ్ కౌంటీ దివాలా ప్రకటించింది. ఖజానా ఖాళీ అయిన కౌంటీకి విమానాశ్రయం ఆదాయం మరింత ఆకర్షణీయంగా కనిపించడంలో వింతేముంది? దక్షిణ ప్రాంతం వారు 1996 మార్చిలో 'మెజర్ ఎస్' పేరుతో ఆ నిర్ణయాన్ని తిరగదోడబోయారు. ఓడిపోయారు.

కౌంటీ ప్రణాళికలు ఒక దశలో ఏడాదికి 3 కోట్ల 80 లక్షల మంది ప్రయాణికుల వరకు వెళ్ళాయి. తరువాత ఆ సంఖ్యను 2 కోట్ల 88 లక్షలకు తగ్గించారు. జాన్ వేన్‌లో ఉన్న రాత్రి నిషేధం ఇక్కడ ఉండదన్నారు. ఇరవై నాలుగు గంటలూ ప్రయాణికుల విమానాలు, సరుకుల విమానాలు. దక్షిణాది వారికి కడుపు మండింది ఇక్కడే. మీ ఊరి పక్క విమానాశ్రయం రాత్రి నిద్రపోవాలి, మా ఊరి పక్కది మాత్రం మేలుకోవాలా అని వారు అడిగారు.

ఊరు నగరమైంది

దక్షిణ ప్రాంతపు నగరాలు అప్పటికే ఒక్కటై ఎల్ టోరో పునర్వినియోగ ప్రణాళికా సంస్థ పేరుతో ఒక కూటమిగా ఏర్పడ్డాయి. విమానాశ్రయం లేకుండా ఆ నేలను ఎలా వాడవచ్చో సొంత ప్రణాళిక తయారు చేయించాయి. కోర్టులలో పోరాడాయి. కాని లీజర్ వరల్డ్ పెద్దలకు ఆ కూటమిలో నగరంగా కూర్చునే స్థానం ఎలా వస్తుంది? వారిది నగరమే కాదు. విమానాశ్రయాన్ని కోరుతున్న కౌంటీ మండలే వారికి స్థానిక ప్రభుత్వం. తమ ప్రతినిధిగా మాట్లాడవలసినవారే తమ ఎదుటి పక్షం!

అందుకే పెద్దలు ఒక నిర్ణయానికి వచ్చారు. మనమే నగరమవుదాం అన్నారు. 1999 మార్చిలో దీనిపై ఓటింగ్ జరిగింది. అందరూ ఏకాభిప్రాయంతో లేరు. నగరమంటే కొత్త ఖర్చు, కొత్త కార్యాలయం, కొత్త రాజకీయాలు. ప్రశాంతంగా ఉందామని వచ్చినవాళ్ళం, ఈ వయసులో మనకు ఈ తలనొప్పి ఎందుకన్న వారూ ఉన్నారు. వారి మాటలోనూ సబబు లేకపోలేదు. చివరికి స్వల్ప ఆధిక్యంతో ప్రతిపాదన నెగ్గింది. 1999 మార్చి 24న లగూనా వుడ్స్ నగరం అధికారికంగా పుట్టింది. ఆరెంజ్ కౌంటీలో అది 32వ నగరం. దాదాపు పూర్తిగా విశ్రాంత జీవులతో నిండిన ఊరు తన పాలక మండలిని తానే ఎన్నుకుంది.

ఇక్కడ మేము పాఠకులను ఒక్క నిమిషం ఆగి ఆలోచించమంటాము. ముసలివాళ్ళకేం తెలుసు, నాలుగు రోజులు గొణిగి ఊరుకుంటారు అనుకోవడం లోకరీతి. వినతిపత్రం రాస్తే దస్త్రంలో పెడతారు. విచారణకు వెళ్ళి మాట్లాడితే ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు ఇచ్చి, తరువాతి వారిని పిలుస్తారు. ఈ పెద్దలు గొణగలేదు. చట్టం ఏ తలుపు తెరిచి ఉంచిందో వెతికి, ఆ తలుపులోంచే లోపలికి నడిచారు. నగరమైతే నేల మీద గీత గీసే అధికారం వస్తుంది. పొరుగు నగరాల సరసన కూర్చునే కుర్చీ వస్తుంది. కోర్టులో నగరంగా నిలబడే హోదా వస్తుంది. వృద్ధాప్యం అంటే నిస్సహాయత అనుకునేవారికి ఇంతకంటే మంచి జవాబు ఏముంటుంది?

ఓటు మీద ఓటు

1999 జూన్‌లో కౌంటీ వారు ప్రయాణికుల విమానాలను తెప్పించి ఎల్ టోరోలో పరీక్షగా ఎగరవేసి, దించి, శబ్దం కొలిపించారు. ఆ పరీక్ష తగాదాను తీర్చలేదు. 2000 మార్చిలో 'మెజర్ ఎఫ్' వచ్చింది. కొత్త విమానాశ్రయం గాని, పెద్ద జైలు గాని, ప్రమాదకర వ్యర్థాల దిబ్బ గాని పెట్టాలంటే ఓటర్లలో మూడింట రెండు వంతుల ఆమోదం ఉండాలన్నది దాని సారాంశం. 67 శాతం మంది దానికి ఓటేశారు. పెద్దలు ఊపిరి పీల్చుకున్నారు. కాని అదే ఏడాది డిసెంబరులో కోర్టు దానిని కొట్టివేసింది. కథ మళ్ళీ మొదటికి వచ్చింది.

ఈసారి వ్యతిరేకులు పద్ధతి మార్చారు. వద్దు అనడం ఆపి, ఇది కావాలి అన్నారు. 2002 మార్చి 5న 'మెజర్ డబ్ల్యూ' ఓటుకు వచ్చింది. ఆ నేలను విమానాశ్రయ వినియోగం నుంచి తప్పించి, ఉద్యానవనానికి, ప్రకృతి రక్షణకు, తదితర వినియోగాలకు కేటాయిస్తూ కౌంటీ ప్రణాళికను మార్చాలన్నదే ఆ ప్రతిపాదన. 58 శాతం ఓట్లతో నెగ్గింది. ఎనిమిదేళ్ళ క్రితం ఓట్ల పెట్టెలో మారిన గీత మళ్ళీ ఓట్ల పెట్టెలోనే చెరిగిపోయింది. స్థావరం నేలను అమ్మివేస్తామని నౌకాదళం ప్రకటించింది. విమానాశ్రయం కథ అక్కడితో ముగిసింది.

కాదనడం సులభం. బదులు చూపించడం కష్టం. ఎనిమిదేళ్ళలో నాలుగు పెద్ద ఓటింగులు జరిగితే, చివరికి నిలిచిన గెలుపు బదులు చూపిన ప్రతిపాదనదే.

ముందు వచ్చినవాడిదా హక్కు?

ఇంతవరకు చదివినవారిలో కొందరికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. స్థావరం 1943 నాటిది, లీజర్ వరల్డ్ 1964 నాటిది. విమానాల పక్కకు వచ్చి ఇళ్ళు కొనుక్కున్నది పెద్దలే కదా! ముందున్నదాని పక్కకు వచ్చి చేరి, ఇప్పుడు చప్పుడు అని అభ్యంతరం చెప్పవచ్చా?

ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు వెతకడానికి ఆరిజోనా రాష్ట్రంలోని మరో వృద్ధుల ఊరికి వెళ్ళాలి. ఫీనిక్స్ నగరానికి దగ్గర డెల్ వెబ్ అనే నిర్మాత సంస్థ దాదాపు 20,000 ఎకరాల వ్యవసాయ భూమి కొని, 1960 జనవరి 1న సన్ సిటీని ప్రారంభించింది. ఆ దాపున అంతకు ముందు నుంచే పశువులను మేపి బలిపించే కేంద్రం ఉంది. స్పర్ ఇండస్ట్రీస్ అనే సంస్థ దానిని కొని విస్తరించింది. 20,000 నుంచి 30,000 పశువులు అక్కడ ఉండేవి. రోజుకు పది లక్షల పౌండ్లకు పైగా పేడ! ఇళ్ళు కట్టుకుంటూ పోయిన నిర్మాత 1967 చివరికి ఆ కేంద్రానికి 500 అడుగుల దూరం వరకు వచ్చేశాడు. ఈగలు, కంపు. ఇళ్ళు అమ్ముడుపోక నిర్మాత కోర్టుకెక్కాడు.

1972లో ఆరిజోనా సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు నేటికీ న్యాయ విద్యార్థులు చదువుకునే పాఠం. వృద్ధుల ఆరోగ్యం ముఖ్యం కాబట్టి పశువుల కేంద్రం అక్కడి నుంచి కదలాలని కోర్టు చెప్పింది. అయితే ఆ కేంద్రం ముందు నుంచీ తన నేలలో తన పని చేసుకుంటోంది. చవక భూమి కోసం దాని దాపుకు జనాన్ని తెచ్చి లాభం గడించినది నిర్మాత. కనుక కేంద్రం తరలిపోయే ఖర్చును, నష్టాన్ని నిర్మాతే భరించాలని అదే తీర్పులో చెప్పింది. ఒకరికి ఉపశమనం, మరొకరికి పరిహారం. భారం మాత్రం మార్పు తెచ్చి లాభపడినవాడి మీద.

ఈ కొలబద్దతో ఎల్ టోరోను కొలవండి. పెద్దలు వచ్చినప్పుడు సైనిక విమానాలు ఉన్నాయి, వాటిని చూసి తెలిసే కొన్నారు. ఆ స్థావరం అలాగే ఉండి ఉంటే వారికి అభ్యంతరం చెప్పే నైతిక హక్కు పెద్దగా ఉండేది కాదు. కాని ఆ స్థావరం మూతపడింది. దాని స్థానంలో రాబోయినది వేరొకటి. ఏడాదికి కోట్ల మంది ప్రయాణికులతో, రాత్రీ పగలూ నడిచే వ్యాపార విమానాశ్రయం. వారు ఒకటి చూసి కొన్నారు, మరొకటి తెచ్చి పక్కన పెట్టబోయారు. ఇక్కడ మార్పు తెచ్చేవారు వేరు, లాభం పొందేవారు వేరు, భారం మోసేవారు వేరు. అందుకే పెద్దల అభ్యంతరానికి బలం ఉందని మేము భావిస్తున్నాము.

'హక్కు' అనే మాట మన తెలుగులోకి అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. మూలంలో దానికి సత్యం అనే అర్థమూ ఉంది, దక్కవలసిన వాటా అనే అర్థమూ ఉంది. రెండు అర్థాలూ కలిసి ఉన్నప్పుడే అది హక్కు. సత్యం లేని వాటా ఆక్రమణ అవుతుంది.

గోడకు లోపలి వైపు

అయితే గోడ కట్టుకున్న ఊరికి మరో పరీక్ష కూడా ఉంది. బయటి మార్పును కాదనే హక్కు లోపలికి వచ్చేవారిని కాదనే అలవాటుగా మారితే?

అమెరికాలో 1988లో వచ్చిన చట్ట సవరణ ప్రకారం, పిల్లలున్నారన్న కారణంతో ఎవరికీ ఇల్లు నిరాకరించకూడదు. వృద్ధుల ఊళ్ళకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. 1995లో చేసిన చట్టంతో ఆ మినహాయింపుకు స్పష్టమైన లెక్క వచ్చింది. కనీసం 80 శాతం ఇళ్ళలో 55 ఏళ్ళు నిండినవారు ఒక్కరైనా ఉండాలి. ఊరు తన నియమాన్ని రాతపూర్వకంగా ప్రకటించి పాటించాలి. ఈ మినహాయింపు నీడలోనే ఈ ఊళ్ళు నిలిచి ఉన్నాయి.

సన్ సిటీ పక్కనే యంగ్‌టౌన్ అనే చిన్న పట్టణం ఉంది. 1954లో వృద్ధుల కోసమే వెలసిన ఊరు. 1990లలో అక్కడ ఒక ముసలి దంపతులు ఇంట్లో కష్టాల పాలైన తమ మనవణ్ణి తెచ్చి దగ్గర పెట్టుకున్నారు. వయసు నియమం ఒప్పుకోదని పట్టణం అడ్డు చెప్పింది. వ్యవహారం రాష్ట్ర అధికారుల వరకు వెళ్ళింది. ఆ పట్టణం పెట్టుకున్న వయసు నియమమే సరైన పద్ధతిలో రూపొందలేదని తేలి, 1998లో అది రద్దయింది. అప్పటి నుంచి యంగ్‌టౌన్‌లో అన్ని వయసులవారూ ఉంటున్నారు. మనవణ్ణి బయటికి పంపమన్న నియమం చివరికి తానే బయటికి పోయింది!

పెద్దల ప్రశాంతతకు గోడ అవసరం కావచ్చు. కాని ఆ గోడకు ఒక తలుపు కూడా ఉండాలి. తన నిద్ర కోసం విమానాశ్రయాన్ని అడ్డుకున్నవాడు, తలదాచుకోవడానికి వచ్చిన మనవణ్ణి కూడా అదే గొంతుతో అడ్డుకుంటే ఆ రెంటిలో ఒకటి న్యాయం, రెండోది కాఠిన్యం. ఈ తేడా తెలియకపోతే ఎంత మంచి ఉద్యమమైనా దారి తప్పుతుంది.

గెలిచాక ఏమైంది?

ఎల్ టోరో నేలను ఇర్వైన్ నగరం తన పరిధిలో కలుపుకుంది. 2005లో నౌకాదళం జరిపిన వేలంలో లెన్నార్ అనే గృహ నిర్మాణ సంస్థ దాదాపు 65 కోట్ల డాలర్లకు ఆ నేలను కొన్నది. అందులో సుమారు 1,300 ఎకరాలు 'గ్రేట్ పార్క్' అనే ప్రజా ఉద్యానవనానికి దక్కాయి. కాని పార్కు అనుకున్నంత త్వరగా పెరగలేదు. 2008 నాటి ఆర్థిక సంక్షోభంతో పనులు నెమ్మదించాయి. సైనిక స్థావరం వాడిన రసాయనాలు భూగర్భ జలంలోకి దిగిపోయి ఉండడంతో, ఆ ప్రదేశం 1990లోనే దేశంలోని అత్యంత కలుషిత ప్రదేశాల జాబితాకెక్కింది. దాన్ని శుభ్రం చేయడానికి ఏళ్ళు పట్టింది. ఇళ్ళు మాత్రం పెరిగాయి. 2013లో నగర మండలి పార్కు అభివృద్ధి పనులకు బదులుగా నిర్మాతకు మరి కొన్ని వేల ఇళ్ళకు అనుమతి ఇచ్చింది. ఇప్పుడు అక్కడ క్రీడా మైదానాలు ఉన్నాయి, బడులు ఉన్నాయి, వరుసలు వరుసలుగా ఇళ్ళు ఉన్నాయి.

అంటే నిర్మాణం ఆగలేదు. దాని రూపం మారింది. రాత్రింబవళ్ళు విమానాలు తిరిగే చోట కుటుంబాలు కాపురాలు పెట్టాయి. ఆ ఓటుతో నేల ఖాళీగా ఉండిపోతుందని ఎవరైనా కలగని ఉంటే ఆ కల నెరవేరలేదు. ఇళ్ళు కావలసినవారికి ఇళ్ళు దొరికాయి కదా అనుకుంటే అదీ ఒక మేలే.

న్యూపోర్ట్ బీచ్ వారి సంగతేమిటి? జాన్ వేన్ ఒప్పందాన్ని 2003లో ఒకసారి, 2014లో మరోసారి పొడిగించుకున్నారు. రాత్రి నిషేధం నిలిచింది. వారి భయాన్ని తగ్గించే దారి మరొకరి ఊరి మీదకు భారాన్ని నెట్టకుండానే దొరికింది. మొదటే ఆ దారి వెతికి ఉంటే ఎనిమిదేళ్ళ వైరం, కోర్టు ఖర్చులు తప్పేవి.

లగూనా వుడ్స్‌కు కూడా కాలం కొత్త పరీక్ష పెట్టింది. కాలిఫోర్నియాలో ఇళ్ళ కొరత తీవ్రమైంది. ప్రతి నగరం తన పరిధిలో కొత్త ఇళ్ళకు చోటు చూపాలని రాష్ట్ర చట్టం ఆదేశిస్తోంది. ఎనిమిదేళ్ళకోసారి లెక్క ఇస్తోంది. వృద్ధుల నగరానికీ మినహాయింపు లేదు. నగరమై గీత గీసే అధికారం సంపాదించుకున్నవారు, ఇప్పుడు అదే గీతతో కొత్తవారికి చోటు చూపించాలి. అధికారం అడిగి తెచ్చుకున్నవారికి బాధ్యత అడగకుండానే వస్తుంది.

గేటు, గోల్ఫ్ లేని పెద్దలు

చివరిగా మరొక మాట. లీజర్ వరల్డ్ పెద్దలకు చదువుంది, అంతో ఇంతో ఆస్తి ఉంది, కలిసి కూర్చునే సంఘాలున్నాయి. అవి ఏవీ లేని వృద్ధులు అమెరికాలో లక్షల మంది ఉన్నారు. వారిలో చాలామంది మొబైల్ హోమ్ పార్కులలో ఉంటారు. ఇల్లు వారిది, ఇంటి కింద నేల ఇంకొకరిది. నెలనెలా నేల అద్దె కట్టాలి. మొబైల్ అన్న పేరే గాని ఆ ఇంటిని కదిలించడం మాటలు కాదు. చాలా ఖర్చవుతుంది, పాతదైతే కదిలిస్తే నిలవదు. నేల యజమాని దానిని అమ్ముకున్నా, వేరే వినియోగానికి మార్చినా ఆ వృద్ధుల పని గోవిందా.

వీరి కోసం కొన్ని చోట్ల చట్టం నిలబడింది. ఫ్లోరిడా చట్టం ప్రకారం, మొబైల్ ఇళ్ళవారు ఖాళీ చేయవలసి వచ్చే రీజోనింగ్‌కు అనుమతి ఇచ్చే ముందు, వారు వెళ్ళడానికి తగిన మరో చోటు ఉందో లేదో స్థానిక ప్రభుత్వం తేల్చాలి. కాలిఫోర్నియాలోని యుకైపా నగరం 2009లో, వృద్ధుల మొబైల్ హోమ్ పార్కులు వృద్ధులకే ఉండాలని, యజమానులు వాటిని మార్చరాదని జోనింగ్ నియమం పెట్టింది. పార్కుల యజమానులు కోర్టుకు వెళ్ళారు. 2012లో ఫెడరల్ అప్పీలు కోర్టు నగరం పక్షానే తీర్పు ఇచ్చింది. జోనింగ్ ఉన్నవాడి విలువ కాపాడే గోడే కాదు, లేనివాడి తల మీద కప్పు కూడా కాగలదని ఈ కేసు చూపింది.

మనం నేర్చుకోవలసింది

ఉర్దూలో పొరుగువాడిని 'హమ్సాయా' అంటారు. ఒకే నీడలో ఉండేవాడు అని ఆ మాటకు అర్థం. ఎంత చక్కని మాట! నీడ ఒక్కటే అయినప్పుడు, ఆ చెట్టును కొట్టాలన్నా, కొత్త కొమ్మ నాటాలన్నా ఇద్దరినీ అడగాలి. ఇంత చిన్న సంగతిని విస్మరించడం వల్లనే ఇన్ని ఓటింగులు, ఇన్ని కోర్టు కేసులు.

కాబట్టి నేల వినియోగం మార్చాలనే ప్రతిపాదన ఎక్కడ వచ్చినా మనం నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మార్పుతో లాభం ఎవరికి? భారం ఎవరి మీద? భారం మోసేవారిని ముందుగా అడిగారా? వారికి బదులు ఏమి ఇస్తున్నారు? ఈ నాలుగింటికీ సూటి జవాబు దొరికితే ఆ మార్పును ముసలివారైనా, పడుచువారైనా కాదనకూడదు. దొరకకపోతే నోరు విప్పాలి. అభ్యంతరాల గడువు దాటకముందే విప్పాలి. ఒంటరిగా కాదు, పొరుగువారితో కలిసి విప్పాలి. వద్దు అన్న మాటతో ఆగకుండా, ఏది కావాలో కూడా చెప్పాలి.

వయసు మళ్ళినవారి మాటను విసుగ్గా వినే కొడుకులు, కోడళ్ళు, అధికారులు ఈ లగూనా వుడ్స్ సంగతి గుర్తుంచుకోవాలి. మధ్యస్థ వయసు 78 ఏళ్ళున్న ఒక ఊరు, కర్ర పట్టుకుని నడుస్తూ పోలింగు కేంద్రానికి వెళ్ళి, నగరమై తిరిగి వచ్చింది. మన ఇళ్ళలోని బుజుర్గులకు కూడా వారి ఇంటి గురించి, వారి వీధి గురించి, వారి మిగిలిన రోజుల గురించి చెప్పుకోవలసిన మాట ఒకటి ఉంటుంది. నిర్ణయం జరిగిపోయాక కబురు చెప్పడం కాదు, జరగక ముందు సలహా అడగడం వారి పట్ల చూపవలసిన కనీస మర్యాద. అలా అడిగే ఇంట్లో, అడిగే ఊళ్ళో పెద్దలకు ఓట్ల పెట్టె దాకా వెళ్ళవలసిన అవసరమే రాదు.